గట్టెర్రన్న బండికి ఇంజను

ఏప్రిల్ పద్నాలుగో తేదీ పొద్దున్న ఏడున్నరకి, ఎచ్చెర్ల దాటాక హైవే మీద, ఎర్రన్న పికప్ బండి ఫెడేలుమని ఒక్క చప్పుడు చేసి ఆగిపోయింది. ఎర్రన్న కిందికి దిగాడు. బండి వెనక, నడిరోడ్డు మీద, జానెడు ఇనపకడ్డీ ఒకటి నూనె ఓడుతూ పడి ఉంది. ఎర్రన్న బాధ్యత తెలిసిన మనిషి. ఎవడి బండిదో పాపం, వెనకొచ్చేవాళ్ళ టైరు చీరేస్తుంది అనుకుని, తువ్వాలు చుట్టి దాన్ని తీసి, పోగొట్టుకున్నవాడు వెతుక్కుంటూ వస్తే కంటికి ఆనేటట్టు కిలోమీటరు రాయి మీద నిలబెట్టాడు. తర్వాత తీరిగ్గా వచ్చి బానెట్ ఎత్తాడు. ఇంజను పక్కన పిడికిలి పట్టేంత కన్నం ఉంది. కన్నంలోంచి కింద తారు రోడ్డు కనిపిస్తోంది. ఎర్రన్న కన్నం వైపు చూశాడు. కిలోమీటరు రాయి వైపు చూశాడు. వెళ్ళి కడ్డీ తెచ్చుకున్నాడు.

వెనక చేపలమ్మే ఆడవాళ్ళతో పాటు తట్టల మధ్య కూర్చున్న అసిరమ్మ, ఊరంతా అప్పా అని, అంటే అక్కా అని పిలిచే మనిషి, ఇదంతా చూస్తూనే ఉంది.

"ఏటిరా ఎర్రన్నా, ఎవులదో వస్తువు ఆ రాయి మీద పెట్టీసి మళ్ళీ తెచ్చీస్తన్నావు? ఆలొచ్చి అడిగితే?"

"మనదే అప్పా."

"మనదైతే అక్కడెందుకు పెట్టీసినావు?"

ఎర్రన్న కడ్డీని తువ్వాల్లో చుట్టి సీటు కింద దాచాడు. 

ఆడవాళ్ళు తట్టలు దింపుకుని, దొరికిన ఆటోలెక్కి శ్రీకాకుళం మార్కెట్టుకి వెళ్ళిపోయారు. తెలిసిన లారీ డ్రైవరొకడు బండికి తాడు కట్టి గవ్వలపేట దాకా లాక్కొచ్చాడు. దాకా అంటే ఊళ్ళోకి కాదు. గవ్వలపేటకి తారు రోడ్డు మైలున్నర ముందే ఆగిపోతుంది. అక్కణ్ణించి సరుగుడు తోటల మధ్య ఒట్టి ఇసక. లారీవాడు తారు చివర తాడు విప్పేసి, "ఇంక నా వల్ల కాదన్నా" అని వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఎర్రన్న ఇంటికి నడిచి వెళ్ళాడు.

మర్నాటి నుంచి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి జూన్ పద్నాలుగు దాకా మోటారు పడవలు గట్టెక్కాలి. అంటే ఎర్రన్నకి సరిగ్గా అరవై ఒక్క రోజులు ఉన్నాయి. జూన్ పదిహేనున పడవలు తిరిగొచ్చే వేళకి బండి నీళ్ళ అంచున నిలబడాలి. లేకపోతే ఏమవుతుందో చెప్పాలంటే ఎర్రన్న ఎవరో చెప్పాలి.

గవ్వలపేటలో నూటయాభై గడపలుంటే నూటయాభైయీ వేట కుటుంబాలే. అందులో ఎర్రన్న ఒక్కడికే సముద్రం పడదు. పదిహేడో ఏట తండ్రి వెంట మొదటిసారి పడవెక్కినప్పుడు, గట్టు మీద మనుషుల మొహాలు ఇంకా గుర్తుపట్టగలిగే దూరంలోనే కడుపులోది మొత్తం కక్కేశాడు. అలవాటవుతుందిలే అన్నారు. రెండోసారి కూడా అంతే. మూడోసారి మనిషి కళ్ళు తేలేస్తే, వల వెయ్యకుండానే పడవ వెనక్కి తిప్పాల్సొచ్చింది. సముద్రం మీద ఎవరూ ఒక్క మాటా అనలేదు. గట్టెక్కాక మాత్రం వారం రోజులు నవ్వుకుని, గట్టెర్రన్న అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్ళలో చాలామంది పోయారు గానీ పేరు పోలేదు.

ఎర్రన్న విజయనగరం వెళ్ళి లారీ క్లీనరయ్యాడు. డ్రైవరయ్యాడు. కూర్మమ్మని పెళ్ళి చేసుకున్నాడు. ఇరవై ఏళ్ళ కిందట ఒక ఆఫీసువాళ్ళు కొండల్లో తిప్పి తిప్పి పాత సామాను కింద వేలం వేసిన పికప్ ఒకటి పాడుకున్నాడు. మామూలు బండికి వెనక చక్రాలే తోస్తాయి. దీనికి ముందు చక్రాలు కూడా లాగుతాయి. ఊళ్ళోవాళ్ళు దాన్ని ఫోర్వీలు అంటారు. అది ఇసకలోకి దిగి, కూరుకుపోకుండా, కెరటం అంచు దాకా వచ్చిన రోజున ఆడవాళ్ళందరూ పనులు మానుకుని వచ్చి చూశారు. అప్పటిదాకా ఆ మైలున్నర వాళ్ళకి నెత్తి మీద తడితట్టతో నడకే.

వేటలో పంపకం ఎలాగంటే, మనిషికో వాటా, పడవకో వాటా, వలకో వాటా. ఫోర్వీలు వచ్చిన వారానికి పెద్దలు కూర్చుని బండికి కూడా ఒక వాటా అన్నారు. ప్రతి పడవ నుంచీ నాలుగు కవళ్ళో రెండు కానాగంతలో, ఆ రోజు ఏ చేప పడితే అది. ఆ మొదటి వాటా చేతికొచ్చినప్పుడు ఎర్రన్న దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, కూర్మమ్మ పులుసు పెట్టాక, కంచం ముందు చాలాసేపు తినకుండా కూర్చున్నాడు.

"ఉప్పెక్కువైందేటి?" అంది కూర్మమ్మ.

"నేదే. నాక్కూడా వాటా వచ్చినాదని సూస్తన్నాను."

అదీ సంగతి. బండి పోతే ఎర్రన్నకి పోయేది బండొక్కటే కాదు. వేట ఊళ్ళో అతనికున్న చోటు కూడా.

నిషేధం మొదలైన నాలుగో రోజు అసిరమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆమెకి అరవై ఆరేళ్ళు. మోకాళ్ళు రెండూ పోయాయి గానీ నోరు బాగా పనిచేస్తుంది. మోటారు పడవలు ఆగినా, గట్టు మీద నిలబడి తాళ్ళతో లాగే అలివి వల ఆగదు. ఆ వలలో పడ్డవి గుప్పెడు ఆకులో కట్టి తెచ్చింది.

"ఇదేటప్పా?"

"బండి వాటా."

ఎర్రన్న మొహం ఎర్రబడింది. "బండేదప్పా? తారు కాడ సచ్చి పడుంది కదా. మీరు నెత్తి మీద మోసుకెల్తంటే నాకు వాటా ఏటి?"

"జొరమొచ్చి పడవెక్కనేకపోతే ఆడి వాటా ఆడింటికి పంపనేదేటి ఎప్పుడైనా? సచ్చినాదని ఎవులన్నారు? ఒంట్లో బాగునేదు. అంతే." ఆకు కూర్మమ్మ చేతిలో పెట్టి, "తొరగా బాగుసెయ్యి మరి, నా మోకాళ్ళు కూడా జొరంలోనే ఉన్నాయి," అని వెళ్ళిపోయింది.

జ్వరమొచ్చినవాడి వాటా ఊళ్ళో ఎప్పటి నుంచో ఉన్నదే. ఇనప బండికి ఇచ్చింది మాత్రం అదే మొదలు. ఆ రోజు నుంచి రోజూ ఎవరో ఒకరు తెచ్చిచ్చారు. ఎర్రన్న తిన్నాడు.

ఊరికే తినడం చేతకాక, మర్నాడు అసిరమ్మ తట్ట తనే మోస్తానని నెత్తికెత్తుకున్నాడు. మగాడు తట్ట మోస్తున్నాడని పిల్లా పీచూ వెంటపడ్డారు. త్వరగా అయిపోగొట్టాలని ఎర్రన్న గబగబా అడుగులేశాడు. ఇరవై అడుగుల్లో మడమ దాకా దిగాడు, ముప్ఫై అడుగుల్లో పిక్క దాకా దిగాడు, నలభయ్యో అడుగులో తట్టతో సహా బోర్లా పడ్డాడు. చేపలకి ఇసక అంటుకుంది. ఎర్రన్న మీసాలకి కూడా.

అసిరమ్మ తిట్టలేదు. చేపలు కడిగి మళ్ళీ తట్టకెత్తి, తను నడిచి చూపించింది. "ఇసకలో పరుగులేటిరా? సిన్న సిన్న అడుగులు. నెమ్మదిగా. కానీ ఆగకూడదు. ఆగితే ములిగిపోతావు."

ఈ మాట ఇంజను గురించే అని ఎర్రన్నకి అప్పుడు తట్టలేదు. ఎందుకంటే అతని బుర్రలో అప్పటికే నూట ఇరవై గుర్రాలు పరిగెడుతున్నాయి.

అవి అతని మేనల్లుడు ధర్మేంద్ర ఎక్కించినవి. ధర్మేంద్రకి ఇరవయ్యెనిమిదేళ్ళు, ఊళ్ళో పడవ మోటార్లన్నీ బాగుచేసేది అతనే. పాత ఇంజను పనికిరాదు, బ్లాకే పగిలింది, ఇంకోటి వెయ్యాల్సిందే అని తేల్చింది కూడా అతనే.

"మావా, కొత్తవలసలో పాత బళ్ళ సామాను యార్డొకటుంది. బోల్తా పడిన పెద్ద కారు ఇంజనొకటి వచ్చినాదంట. నీ పాతదానికి రెండింతల బలం. అదెక్కిస్తే హైవే మీద నిన్ను పట్టుకునేవోడుండడు."

ఇరవై ఏళ్ళుగా హైవే మీద వెనక నుంచి హారన్లు తింటున్న ఎర్రన్నకి ఈ చివరి మాట తియ్యగా తగిలింది. ఇంట్లో అన్నం తింటూ, ఎవరూ అడక్కుండానే, "నూట ఇరవై గుర్రాల బలం" అన్నాడు.

కూర్మమ్మ కూర వడ్డిస్తూ అంది: "ఇంట్లో ఉన్న ఒక్క మేకకే ఆకు కొయ్యడం మర్సిపోతావు. నూట ఇరవై గుర్రాలకి గడ్డెవులేస్తారు?"

అయినా మామా అల్లుళ్ళిద్దరూ రైలెక్కి కొత్తవలస వెళ్ళారు. యార్డు యజమాని గిరిబాబు, తెల్లచొక్కా, మాటకారి. ఇంజనుని ఇనప చట్రం మీద నిలబెట్టి ఉంచాడు. రేడియేటరు లేదు. దాని బదులు చిన్న డబ్బాతో నీళ్ళు కట్టాడు. చుట్టూ రంగురంగుల వైర్లు, ఆ వైర్లన్నీ వెళ్ళి ఒక నల్లపెట్టెలో దూరాయి. స్టార్ట్ చేసి చూపించాడు. పిల్లి గురక లాంటి చప్పుడు.

"రెండు నిమిషాలు సూడండి, ఆపీండి. ఇప్పుడే వస్తాను," అని గిరిబాబు ఫోను మాట్లాడ్డానికి అవతలికి వెళ్ళాడు.

ఇక్కడే గవ్వలపేటవాళ్ళు తప్ప మరొకరు చెయ్యలేని తప్పు జరిగింది. వాళ్ళ ఊళ్ళో మోటారుని పరీక్షించడమంటే, నీళ్ళలో దింపి, పూర్తిగా రేజ్ చేసి, ఒక బీడీ కాలేంతసేపు వినాలి. సముద్రమే దాన్ని చల్లబరుస్తుంది కాబట్టి దానికేం కాదు. ధర్మేంద్ర అదే పద్ధతిలో రేజ్ మొత్తం ఇచ్చి, కళ్ళు మూసుకుని వినడం మొదలుపెట్టాడు. ఎర్రన్న ఇంకో పద్ధతిలో ఉన్నాడు. బాగున్న పడవ మోటారు పక్క నుంచి సన్నటి నీటిధార చిమ్ముతుంది. ఆ ధార ఎక్కణ్ణించి వస్తుందా అని ఇంజను చుట్టూ వంగి వంగి తిరుగుతున్నాడు.

"ఒరే ధర్మేంద్రా, నీళ్ళెక్కడా రాట్నేదురా."

"వస్తాది మావా, ఆగు."

వచ్చింది. డబ్బా మూత ఎగిరి, వేడి ఆవిరి భుస్సుమని ఎర్రన్న చొక్కా మీదికి కొట్టింది. ఒక ఎర్రలైటు వెలిగింది. ఇంజను దానంతటదే ఆగిపోయింది.

గిరిబాబు పరిగెత్తుకొచ్చాడు. "ఏటి బాబూ ఇది! తెప్పనుకున్నారేటి? సముద్రం ఎక్కడుందిక్కడ?"

ధర్మేంద్ర నేల చూపులు చూశాడు. ఎర్రన్న చొక్కా పిండుకుంటూ, "తప్పైపోనాది బాబూ, పాడైపోనాదేటి?" అని అడిగాడు.

గిరిబాబు ఇంజను చుట్టూ చూసి, చెయ్యి పెట్టి, నిట్టూర్చాడు. "పాడవనేదు. వేడెక్కినాదని తెలిసి అదే ఆపీసుకుంది. అందులో కంప్యూటరుంది కదా. చల్లారినా ఇంక స్టార్టవదు. వైజాగ్ నించి లాప్టాపుతో కుర్రాడు రావాల, ఆ లైటు ఆర్పాల, అప్పుడు పలుకుతాది."

ఎర్రన్న పిండుతున్న చొక్కా వదిలేశాడు. "బాబూ, నా బండి ఇసకలో తిరుగుతాది. కెరటం టైరు కాడికి వస్తంటాది, వెనక ఏడుగురు ఆడోలు తట్టల్తో ఉంటారు. అప్పుడిలా అలిగి ఆగిపోతే?"

"లాప్టాపు కుర్రాడికి ఫోను సెయ్యాల."

"ఇసకలోకి వస్తాడేటి ఆయన?"

గిరిబాబు ఎర్రన్నని కిందా పైనా చూశాడు. అప్పటిదాకా కొనేవాడిని చూశాడు, ఇప్పుడు మనిషిని చూశాడు. "రోజూ ఉప్పుగాల్లోనే ఉంటాదా బండి?"

"గాలేటి, ఒక్కోసారి నీళ్ళే."

"అయితే ఇది నీకు అమ్మను," అన్నాడు గిరిబాబు. "ఈ వైర్లు నీ ఊళ్ళో రెండేళ్ళు కూడా బతకవు. నెల్లిమర్ల ఎల్లు. రైలు గేటు దాటాక నరసింగరావు మేస్త్రి షెడ్డుంది. నీలాటోడి కోసమే ఆయన పాత ఇంజన్లు దాస్తాడు." అని, తన బీరువాలోంచి పాతదే గానీ ఇస్త్రీ చేసిన చొక్కా ఒకటి తెచ్చిచ్చాడు. వ్యాపారం పోగొట్టుకుని, తన చొక్కా కూడా ఇచ్చి పంపినవాడిని ఎర్రన్న అంతకుముందు చూడలేదు. ఆ చొక్కా గుండీలు ఎర్రన్న పొట్ట దగ్గర పడలేదు గానీ, రైల్లో నెల్లిమర్ల దాకా దాన్ని కొత్త పెళ్ళికొడుకులా సర్దుకుంటూనే ఉన్నాడు.

నరసింగరావు మేస్త్రికి డెబ్బై దగ్గరపడింది. సంగతంతా విన్నాడు, ఆవిరి సంగతికి నవ్వాడు, చివరికి ఒక్క ప్రశ్న అడిగాడు.

"రోడ్డు మీద ఎంత స్పీడు గావాల?"

ఎర్రన్న నోరు తెరిచాడు. నూట ఇరవై గుర్రాలు ఒక్కసారి ముందు కాళ్ళెత్తాయి. కానీ అప్పుడే ఎందుకో నెత్తి మీద తట్టతో ముందు నడుస్తున్న అసిరమ్మ కనిపించింది. చిన్న చిన్న అడుగులు. నెమ్మదిగా. ఆగకుండా.

"స్పీడు అక్కర్నేదు మేస్త్రీ. మా అసిరమ్మప్ప ఇసకలో ఎలాగ నడుస్తాదో అలాగ నడవాల. నెమ్మదిగా ఎల్లినా పర్నేదు, ఆగిపోకూడదు." అని, తను తట్టతో ఎలా పడ్డాడో కూడా చెప్పేశాడు. ఆ రోజు మొదటిసారి ధర్మేంద్ర నవ్వాడు.

మేస్త్రి షెడ్డు వెనక రెండు ఇంజన్లున్నాయి. రెండూ ఎర్రన్న పాతదాని జాతే. వైర్లు లేవు, పెట్టెలు లేవు, డీజిలు పోస్తే తిరుగుతాయి, ఆపితే ఆగుతాయి. ఒకటి నీలం రంగేసి తళతళలాడుతోంది. రెండోది మట్టికొట్టుకుని ఉంది. కొండ ఊళ్ళకి సంతరోజున మనుషుల్ని, చింతపండు బస్తాల్ని ఎక్కించిన జీపులోంచి తీసిందట.

ధర్మేంద్ర నీలందాని వైపే వెళ్ళాడు. మేస్త్రి రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి స్టార్ట్ చేసి, పైన నూనె పోసే మూత విప్పి, కన్నం మీద బోర్లా పెట్టాడు. నీలం ఇంజను మీద మూత టపటపా ఎగిరి కింద పడింది. "లోపల అరిగిపోనాది. గాలి పైకి తన్నేస్తన్నాది," అన్నాడు మేస్త్రి. మట్టిదాని మీద మూత సన్నగా వణికింది గానీ, ఉన్నచోటే ఉంది. ఎర్రన్న వంగి ఆ మూతని వేలితో తాకి చూశాడు. తర్వాత మట్టి ఇంజను మీద అరచెయ్యి ఆనించి, "ఇదే" అన్నాడు.

"దీనికి గుర్రాలెన్ని మేస్త్రీ?" అని ధర్మేంద్ర ఆశ చావక అడిగాడు.

"అరవైకి ఓటో రెండో ఎక్కువ. అందులో కూడా కొన్ని ముసలివి."

మేస్త్రి స్వయంగా గవ్వలపేట వచ్చాడు. తారు చివర, సరుగుడు చెట్టు కొమ్మకి గొలుసు వేసి, పాత ఇంజను దింపి దీన్ని ఎక్కించాడు. పన్నెండు రోజులు మేస్త్రి ధర్మేంద్ర ఇంట్లో బస చేసి, ఆ పన్నెండు రోజులూ పూటకో ఇంటి నుంచి అన్నం తిన్నాడు. చివరి రోజున అతనికి కూడా బండి వాటా పంచారు. "నానేటి వేటాడినాను?" అన్నాడు మేస్త్రి. అసిరమ్మ, "ఇంజను వేటాడినావు కదా," అంది.

జూన్ పదిహేనున తెల్లారుతూనే పడవలు వెళ్ళాయి. కూర్మమ్మ బానెట్‌కి పసుపు రాసి, టైరు కింద నిమ్మకాయ పెట్టింది. ఎర్రన్న స్టార్ట్ చేశాడు. చిన్న గేరు వేసి, ఇసకలోకి దిగాక యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశాడు. బండి తనంతట తనే, చిన్న చిన్న అడుగులేస్తున్నట్టు, ఎక్కడా ఆగకుండా, నీళ్ళ అంచు దాకా వెళ్ళింది. ఊరంతా చూస్తోంది కాబట్టి ఎర్రన్న కళ్ళు తుడుచుకోలేదు. చెమటొచ్చినట్టు మొహం మొత్తం తుడుచుకున్నాడు.

పడవలొచ్చాయి. తట్టలెక్కాయి, ఆడవాళ్ళెక్కారు. మోకాళ్ళ వల్ల అసిరమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఇసక దాటేవరకూ ఆమె కిమ్మనలేదు. ఎర్రన్న లోపల్లోపల ఒక్కొక్కరికీ దణ్ణం పెట్టుకుంటున్నాడు. మేస్త్రికి, అమ్మనని చెప్పిన గిరిబాబుకి, ఆవిరి పట్టించిన ధర్మేంద్రకి, పక్కన కూర్చున్న ఈమెకి. ఆ దణ్ణాలు ఇంకా పూర్తికాకుండానే బండి హైవే ఎక్కింది. ఒక ఆటో దాటింది. ఇంకో ఆటో దాటింది. పాల క్యానులు వేలాడేసుకున్న మోపెడ్ ఒకటి, నడిపేవాడు ఫోను మాట్లాడుకుంటూనే, దాటిపోయింది.

అసిరమ్మ ఇక ఊరుకోలేకపోయింది.

"ఏటిరా ఇది ఎర్రన్నా! రెండు నెల్లు ఊళ్ళట్టుకు తిరిగి ఎతికెతికి ఈ నత్తని తెచ్చినావేటి? పాలోడు కూడా దాటీసినాడు!"

"దాటనీ అప్పా, ఆ బళ్ళెక్కాలంటే నువ్వు రోడ్డు దాకా నడవాల."